విత్తనం చెయ్యి

కొట్టం మూల గోడ ఎక్కి కేశవ ఇంకో పెంకు ఊడదీస్తుంటే హనుమక్క కింద నుంచి చూసింది. చూసి, నెత్తి మీది పేడ తట్ట దించింది.

"ఒరే, దిగు కిందికి. అది ఎద్దుల కొట్టంరా. నీ గుద్దులకు కట్టిచ్చింది గాదు."

"ఇదే ఆఖరుదిలే అక్కా."

"పోయిన బేస్తవారం గూడా ఆఖరుదే అంటివి. ఆడ సూడు, ఆకాశం కనపడతాంది."

"కప్పు కారేదానికి వాన యాడుండాదిలే."

ఆ మాట నిజమే. జూలై సగం దాటింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, పునర్వసు కార్తె కూడా ముగింపుకొచ్చింది. గుంటక తోలి చదును చేసిన ఎర్రనేల నోరు తెరుచుకుని పడుంది. తనకల్లు చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ విత్తే గొర్రు చేనికి పోలేదు.

కేశవ రెండు పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి రెండు గుండ్రాళ్ల మధ్య అడ్డంగా పెట్టాడు. కాళ్లు ఎడంగా జరిపి మోకాళ్లు వంచాడు. కుడి పిడికిలి నడుం పక్కన బిగించి, మూడుసార్లు మెల్లగా కిందికి దించి దూరం కొలుచుకున్నాడు. నాలుగోసారి గట్టిగా అరిచి కొట్టాడు. ఎద్దులు ఉలిక్కిపడి పలుపులు లాక్కున్నాయి. పై పెంకు పగిలింది. కిందిది బీటలిచ్చి నిలబడింది. కణుపుల మీద ఎండిన చెక్కు లేచి రక్తం కారింది. కేశవ రక్తం వైపు చూడలేదు. పగలని పెంకు వైపే చూస్తున్నాడు.

హనుమక్క చెంగుతో తుడవబోయింది. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"తుడస్తే మెత్తబడతాది. ఆదివారం కదిరిలో పరీక్ష. రెండు పెంకులు ఒగే దెబ్బకు పగలకొడితే బెల్టు ఇస్తారు."

"బెల్టు కట్టుకోని ఏం జేస్తావురా?"

"దాని పైన ఇంగోటి ఉండాది. దానికి పోతా."

ఇరవై అయిదేళ్ల మనిషి. కరాటేలో చేరి ఏడాది. తెల్లవారుజామునే లేచి తనకల్లుకు నాలుగు మైళ్లు పరుగు తీస్తాడు. తిరిగొచ్చి, బకెట్టులో ఇసుకా కంకరా కలిపి పోసుకుని, వేళ్లు ఈటెల్లా చాచి మూడు వందల పోట్లు పొడుస్తాడు. తర్వాత వేపమొద్దుకు చుట్టిన కొబ్బరితాడు మీద చేతికి రెండు వందల గుద్దులు. అన్నం ముందు కూర్చున్నా ఖాళీగా ఉన్న పిడికిలిని నేలకేసి రుద్దుతుంటాడు. తెల్లటి బట్టలు రోజూ ఎర్రమట్టి పట్టించుకుని వస్తే హనుమక్కే ఉతకాలి. ఎంత ఉతికినా అవి తెలుపు మరిచిపోయాయి. ఇంట్లో దూలానికి ఇసుక మూట వేలాడదీయడానికి చోటు చాల్లేదని, గోడ పక్కనున్న విత్తనం మూటలు మూడూ మోసుకెళ్లి కొట్టం మూలలో పెట్టాడు. నెల రోజులు కూర్చుని, బొటనవేళ్లు పగిలేలా ఆ శనక్కాయలన్నీ చేత్తో వలిచింది హనుమక్కే. మిషన్లో వేస్తే గింజ పొర లేచిపోతుంది. పొర లేచిన గింజ మొలవదు.

అతను కరాటేలో ఎందుకు చేరాడో ఇంట్లో ఎవరూ ఎత్తరు. మొగుడు చనిపోయి పుట్టింటికి చేరిన హనుమక్క, పోయిన ఏడాది విత్తే రోజున అలవాటుగా జడ్డిగం మీద చెయ్యి పెట్టింది. జడ్డిగం అంటే గొర్రు మీది కర్ర గిన్నె. అందులో గింజలు వదిలితే మూడు గొట్టాల్లోంచి జారి మూడు సాళ్లలో పడతాయి. తల్లి పోయినప్పటి నుంచి, పెళ్లయి పోయాక కూడా విత్తే రోజుకు వచ్చి, ఆ పని హనుమక్కే చేసేది. పక్కచేను ఈశ్వరప్ప గట్టు దాటి వచ్చాడు. మొగుడు సచ్చిన దాని చెయ్యి పడితే తన చేనూ ఎండిపోతుందని అరిచాడు. అడ్డం వచ్చిన గోవిందప్పను, ఆమె తండ్రిని, మెడ మీద చెయ్యేసి సాళ్లలోకి తోశాడు. ఎద్దుల పగ్గం పట్టుకున్న కేశవ పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. పది రోజులకు కరాటే బట్టలు కుట్టించుకున్నాడు.

ఆ ఊళ్లో మొగుడు చచ్చిన ఆడదాని చెయ్యి పేడ ఎత్తడానికి పనికొస్తుంది. ఎద్దులకు కుడితి పెట్టడానికీ, విత్తనాలు వలవడానికీ పనికొస్తుంది. వలిచిన గింజను నేలలో వెయ్యడానికి మాత్రం పనికిరాదు.

సాయంత్రం గోవిందప్ప కొడుకు చేతుల వైపు చూసి అన్నాడు. "ఈ యేడు ఇత్తనం నువ్వే ఎయ్యల్లప్పా. చిన్నప్పుడు మీ యమ్మ పక్కన నిలబడి ఏసిన చెయ్యి నీది."

"ఏస్తాలే నాయనా," అన్నాడు కేశవ, బకెట్టులో ఇసుక సదును చేస్తూ.

*

గిరి మాస్టరు బతుకుతెరువు బోరుమోటార్లకు రాగివైరు చుట్టడం. పొద్దున రెండు గంటలు స్కూలు మైదానంలో కరాటే నేర్పుతాడు. శుక్రవారం తక్కినవాళ్లంతా వెళ్లిపోయాక కేశవను పిలిచాడు.

"చెయ్యి ఇట్లియ్యి."

కేశవ పిడికిలి చూపించాడు.

"పిడికిలి గాదప్పా, వేళ్లు సాపు."

వేళ్లు పూర్తిగా చాచుకోలేదు. చూపుడువేలు, నడిమివేలు కణుపుల దగ్గర వక్కకాయల్లా ఉబ్బి, కొసలు గిట్టల్లా మొద్దుబారి ఉన్నాయి. గిరి జేబులోంచి సన్నటి వైరు ముక్క తీసి సిమెంటు మెట్టు మీద పడేశాడు.

"దాన్ని తియ్యి."

కేశవ వంగాడు. రెండు వేళ్ల మధ్య వైరు చిక్కలేదు. గీరాడు. దొరికిందనుకుని పైకెత్తి చూస్తే వేళ్ల మధ్య ఏమీ లేదు. మూడోసారి అరచేత్తో మెట్టు అంచుకు నెట్టి కింద పడేశాడు.

"ఎన్ని దినాల నుంచి ఇట్లుండాది?"

"ఏం కాలేదు సార్. గట్టిపడినాయి, అంతే."

"ఇసకలో పొడిసేది వారానికి రెండు దినాలు అని చెప్పినా. ఐదు నిమిషాలు అని చెప్పినా. నువ్వు ఎంతసేపు జేస్తాండావు?"

కేశవ వేళ్లు ముడిచి మళ్లీ పిడికిలి చేశాడు.

"నా చేతులు సూడు. నేను సాయంత్రం దాకా వైరు చుట్టల్ల. ఒగ చుట్టు ఎక్కువైనా మోటారు కాలిపోతాది. నేను పరీక్షలన్నీ పాసయినోన్నే, నా వేళ్లు ఇట్లుండాయా? ఈసారి పరీక్షకు రావద్దు. రెండు నెల్లు చెయ్యి ఆరబెట్టు."

"వస్తా సార్."

"చెప్తే వినవేమప్పా నువ్వు!"

"ఆదివారం ఎనిమిదిన్నర బస్సుకు మా చేను కాడ ఎక్కుతా," అని కేశవ పరుగు మొదలుపెట్టాడు. రెండు మైళ్లు దాటేసరికి అతనికి ఒకటి తోచింది. తన పిడికిలి మాస్టరు పిడికిలిని మించిపోతోంది. మాస్టరుకు అది సహించడం లేదు. ఆ ఊహ బాగుంది. మిగతా రెండు మైళ్లు అలుపు తెలియలేదు. ఆ రోజు ఇసుకలో నాలుగు వందలు పొడిచాడు.

*

శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు కదిరి కొండల వైపు నుంచి దుమ్ము లేచింది. దాని వెనకే వాన. మొదట చినుకులు ఒక్కొక్కటే రాళ్లలా పడి నేల మీద గుంటలు చేశాయి. ఆ తర్వాత ఎదురిల్లు కనపడలేదు. ఊరంతా వీధిలోకొచ్చి తడిసింది. గోవిందప్ప గడపలో నిలబడి నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో హనుమక్కకు గుర్తులేదు.

కేశవ ఇంట్లో ఇసుక మూటను తంతున్నాడు.

గంటన్నర కురిసి వాన ఆగింది. గోవిందప్ప చేనికి పోయి మట్టిలో వేలు గుచ్చి చూసి వచ్చాడు. "జానెడు దిగినాది. పొద్దున్నే గొర్రు కట్టల్ల. గాలి లేస్తే సాయంత్రానికి పదును పోతాది."

పదును అంటే విత్తనం మొలవడానికి నేలలో ఉండాల్సిన తడి. ఈ జిల్లా రైతుకు ఏడాది మొత్తంలో దేవుడిచ్చేది ఆ ఒక్కరోజు. ఆ రోజు గడిచిపోతే మళ్లీ ఆకాశం వైపు చూస్తూ కూర్చోవాలి.

కొట్టంలోంచి హనుమక్క కేక వినిపించింది.

పెంకులు లేని చోట కప్పిన ఎరువు సంచులు గాలికి ఎగిరి దిబ్బ మీద పడున్నాయి. ఆ బొక్క కింద విత్తనం మూటలు నీళ్లు కారుతున్నాయి. హనుమక్క ఒక మూట విప్పి గుప్పెడు గింజలు తీసింది. ఉబ్బి మెత్తబడ్డాయి. వేలితో కాస్త గట్టిగా రాస్తే చాలు, ఎర్రటి పొర జారిపోతోంది.

గోవిందప్ప వాసన చూశాడు. కప్పు వైపు చూశాడు. కొడుకు వైపు చూడలేదు. "రేపు పొద్దుగూకే లోపల నేలలో పడల్ల. ఎల్లుండికి కుళ్లిపోతాయి. ఇంగ ఇత్తనం యాడుండాది మనకు?"

"పొద్దున్నే ఏసేస్తా నాయనా," అన్నాడు కేశవ. "ఎనిమిదిన్నర లోపల సగం అయితాది. నేను కదిరికి పోయి పరీక్ష ముగించుకోని మూడింటికంతా వచ్చేస్తా. మిగిలింది అప్పుడు ఏస్తా."

హనుమక్క మూటల్లోని గింజలను చీర మీద పరుస్తోంది. చెయ్యి ఆపి తమ్ముణ్ని చూసింది. మళ్లీ గింజల్లోకి వంగింది.

*

ఆదివారం ఆరింటికి గోవిందప్ప గొర్రుకు పసుపూ కుంకుమా పెట్టి టెంకాయ కొట్టాడు. హనుమక్కను రోడ్డు వైపు గట్టు మీద నిలబడమన్నాడు. ఆమె బిందె పెట్టుకుని నిలబడింది. కేశవ విత్తనం గుడ్డ నడుముకు కట్టుకున్నాడు. కరాటే బట్టల సంచి తుమ్మచెట్టుకు తగిలించాడు. పక్క చేనిలో ఈశ్వరప్ప, ఆయన పెండ్లాం లక్ష్మీదేవమ్మ గొర్రు కట్టుకుని పక్క ఊరి నుంచి రావాల్సిన తిప్పమ్మ కోసం చూస్తున్నారు. ఆ చుట్టుపక్కల విత్తనం వేసే చేతుల్లో తిప్పమ్మది పేరున్న చెయ్యి.

పై బురద కాస్త ఆరేదాకా ఆగి, ఎనిమిది దాటాక గోవిందప్ప గొర్రు మేడి పట్టి ఎద్దులను అదిలించాడు. కేశవ పక్కన నడుస్తూ గుప్పెడు గింజలు తీసి జడ్డిగం మీద చెయ్యి పెట్టాడు. బొటనవేలితో చూపుడువేలి మీంచి గింజను జార్చాలి. నాలుగు వేళ్ల ఎడానికి ఒక గింజ. ఎద్దు అడుగు, చెయ్యి విసురు కలవాలి. పదేళ్లప్పుడు అతనికి వచ్చిన విద్యే అది. ఇప్పుడు బొటనవేలు కదిలింది గానీ కింద గింజ ఉందో లేదో వేలికి తెలియలేదు. గుప్పెడు బిగిసింది. ఒక్కసారిగా వదిలింది. మళ్లీ బిగిసింది.

రెండు వైపులు తిరిగాక గోవిందప్ప ఎద్దులను ఆపాడు. మేడి వదిలి సాలు పక్కన గొంతుకూర్చున్నాడు. వేలితో మట్టి తోశాడు.

"ఈడ ఎనిమిది పడినాయి."

జరిగి మళ్లీ తోశాడు.

"ఈడ లేదు. ఈడా లేదు. బారెడు నేలలో ఒగ గింజ లేదు." ఇంకొంచెం జరిగి రెండు గింజలు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. రెండూ తెల్లగా ఉన్నాయి. పొర ఊడిపోయింది. "గింజ చేతిలో ఉండేది నీకు తెలస్తాందా కేశవా?"

"తెలస్తాంది."

గోవిందప్ప తలెత్తి చూశాడు.

"తెలీలేదు నాయనా," అన్నాడు కేశవ.

రోడ్డు మీద హారన్ మోగింది. ఎనిమిదిన్నర బస్సు. కిటికీలోంచి గిరి మాస్టరు తల, ఆయన వెనక తెల్లబట్టల పిల్లలు. కండక్టరు తలుపు తెరిచి "వస్తాండావా లేదా?" అని కేకేశాడు. కేశవ కాళ్లు రెండడుగులు వేశాయి. ముప్పై అంగలేస్తే అందుతుంది. నడుముకు తడి విత్తనం వేలాడుతోంది. చేను దాదాపు అంతా మిగిలే ఉంది. అయినా ఆ కాళ్లు కదిలాయి. అది హనుమక్క చూసింది.

బిందె అక్కడే వదిలి గట్టు దిగి వచ్చింది.

"పో. పోతే పో. పోయేముందు ఒగ మాట చెప్పిపో. ఏడాది నీ బట్టలు ఉతికినా. నీ మొద్దు పట్టుకోని నిలబడినా. నువ్వు గుద్దతాంటే నా భుజాలు కదిలిపాయ. నన్ను ఈ చేను లోంచి లేపినారనే కదరా నువ్వు మొదలుపెట్టింది? నువ్వు నేర్చుకున్నెది నాకేమన్నా పనికొచ్చెనా? ఒగ్గసారన్నా, 'నాయనా, అక్క ఏస్తాదిలే' అంటివా?"

రోడ్డు మీద కండక్టరు విజిల్ ఊదాడు. బస్సు కదిలింది.

కేశవ నడుం గుడ్డ ముడి విప్పడానికి చూశాడు. వేళ్లకు ముడి చిక్కలేదు. పళ్లతో లాగి విప్పాడు. విప్పి అక్క నడుముకు చుట్టాడు. ముడి ఆమే వేసుకుంది.

"ఏమప్పా గోవిందప్పా!" ఈశ్వరప్ప గట్టు మీదికి వచ్చేశాడు. "పోయినేడు చెప్పినది మరిసిపోతివా? ఆడ నా చేను ఉండాది. ఆ చెయ్యి తీయించు."

కేశవ గట్టు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కాళ్లు వాటంతటవే ఎడంగా జరిగాయి. పిడికిలి నడుం పక్కకు చేరింది.

ఈశ్వరప్ప ఆ పిడికిలి చూసి నవ్వాడు. "కొట్టు. కొట్టి టేషన్‌లో కూచో సాయంత్రం దాకా. మీ పదును ఆరిపోనీ, మీ ఇత్తనం కుళ్లిపోనీ. కొట్టప్పా, యేమాలోచన?"

"కేశవా," అంది హనుమక్క వెనక నుంచి. "ఆ పిడికిలి దించి మేడి పట్టుకో. పదును పోతాంది."

గోవిందప్ప సాలు పక్క నుంచి లేచి గట్టు వరకు నడిచాడు. "ఈశ్వరప్పా. పోయినేడు నా బిడ్డను లేపి పంపిస్తివి. దాని చెయ్యి పడలేదు గదా? నీ చేను పండెనా?"

పోయిన ఏడాది ఈశ్వరప్ప చేనులో శనక్కాయ కట్టె గొర్రెలకు కూడా చాల్లేదు. ఊరందరికీ తెలుసు.

"పండెనా అని అడగతాండా. చెప్పు."

ఈశ్వరప్ప గట్టు దిగి తన గొర్రు దగ్గరికి పోయాడు. కేశవ పిడికిలి విప్పి మేడి పట్టుకున్నాడు. హనుమక్క జడ్డిగం మీద చెయ్యి పెట్టింది. ఎద్దులు కదిలాయి.

పదడుగులు పోయేసరికి కేశవ చెవికి ఆ చప్పుడు అందింది. గొట్టాల్లో గింజలు జారే చప్పుడు. ఎక్కడా ఆగదు, ఎక్కడా కుప్ప పడదు. గింజ పొర చెదరకుండా ఆమె వేళ్లు తడి గింజలను పట్టీ పట్టనట్టు వదులుతున్నాయి. ఒక వైపు తిరిగాక గోవిందప్ప సాలు తోసి చూశాడు. ఒకచోట చూశాడు, ఇంకోచోట చూశాడు. మట్టి మళ్లీ కప్పి, ముందుకు తోలమని చెయ్యి ఊపాడు. కేశవ చెడగొట్టిన ఆరు సాళ్లను చివర్లో మళ్లీ వేయడానికి హనుమక్క కొంత విత్తనం వేరుగా పెట్టమంది.

*

రెండు గంటలకు చేను ముగిసింది. గాలి లేచింది. తవ్విన మట్టి అంచులు తెల్లబడుతున్నాయి.

ఈశ్వరప్ప గొర్రు పొద్దున కట్టినచోటే ఉంది. తిప్పమ్మ రాలేదు. ఆ రోజు జిల్లా అంతా ఒక్కసారే విత్తుతుంటే ఏ ఊరి చెయ్యి ఆ ఊళ్లోనే చాలడం లేదు. లక్ష్మీదేవమ్మ తానే వేసి చూసింది. రెండు సాళ్లకే మొగుడు తిట్టి ఆపించాడు.

ఆమె చెంగు నడుముకు దోపుకుని గట్టు దాటి వచ్చింది. "హనుమక్కా, రామ్మా. మా చేను గూడా ముగించి పో తల్లీ."

హనుమక్క నీళ్లు తాగుతోంది. తాగి, మూతి తుడుచుకుంది. "పొద్దున నన్ను వద్దన్నది నువ్వు గాదు గదా చిన్నమ్మా. వద్దన్నాయప్పను రమ్మను."

లక్ష్మీదేవమ్మ వెనక్కి పోయింది. అటు పక్క కాసేపు గొడవ జరిగింది. ఆమె గొంతే ఎక్కువ వినిపించింది. తర్వాత ఈశ్వరప్ప గట్టు మీదికి వచ్చాడు. ఎద్దుల వైపు చూస్తూ అన్నాడు.

"రమ్మంటాండా."

"ఎవర్ని?" అంది హనుమక్క.

"నిన్నే."

"నాకు పేరుండాది."

గాలికి ఆయన చేను మీంచి సన్నటి దుమ్ము లేచింది. ఆయన అది చూశాడు.

"హనుమక్కా, రామ్మా," అన్నాడు.

"మొదటి సాలు నుంచి నేనే ఏస్తా. చిన్నమ్మ ఏసిన రెండూ మళ్లా ఏస్తా."

"ఏసుకో. నీ పక్కన మాత్రం నేను నడవను. మీ తమ్మున్ని తోలమను."

హనుమక్క తమ్ముడి వైపు చూసింది. కేశవ లేచి గట్టు దాటాడు. ఈశ్వరప్ప ఎద్దులు కొత్త మనిషికి మొరాయించాయి. పగ్గం సర్దుకుని అతను మేడి మీద బరువు వేశాడు. పొద్దుటి నుంచి మేడి పట్టి వేళ్లు తిమ్మిరెక్కాయి. అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

ఈశ్వరప్ప చేను మధ్యలో ఒక బండ మీద కూర్చున్నాడు. ఆ చెయ్యి తన జడ్డిగం మీద పడటం చూడలేక అటు తిరిగి కూర్చున్నాడు. సాలు పోయేది ఆయన పక్కనుంచే. చెమటకు బనియను వీపుకు అంటుకుపోయి ఉంది. మెడ వంగి ఉంది. వెన్నెముక పక్కన, డొక్క ఎముకల కింద, ఎక్కడ కొడితే మనిషికి ఊపిరి తిరగదో కేశవకు అంగుళంతో సహా తెలుసు. ఏడాది పాటు వేపమొద్దులో అతనికి కనపడింది ఆ చోటే. ఇప్పుడది నాలుగడుగుల దూరంలో, చొక్కా కూడా లేకుండా, అతని వైపే తిరిగి ఉంది. మేడి మీద అతని చెయ్యి ఒకవైపుకు ఒరిగింది. ఎద్దులు అటే మొగ్గాయి.

"ఆడేం సూస్తాండావప్పా?" అంది హనుమక్క, జడ్డిగం మీంచి చెయ్యి తీయకుండానే. "ముందు సూడు. సాలు వంకర పోతాంది."